ఆరో క్లాస్ లెక్కలు: కారణాంకాలు, గుణిజాలు పట్టుబడితే భిన్నాలు వాటంతటవే వస్తాయి

మీ బాబు ఆరో క్లాస్, క.సా.గు (కనిష్ఠ సామాన్య గుణిజం) అడిగితే గ.సా.భా (గరిష్ఠ సామాన్య భాజకం) చేస్తున్నాడు, 1/2 + 1/3 ఎంత అంటే 2/5 అంటున్నాడు, ట్యూషన్‌లో రోజూ పేజీలకి పేజీలు చేయిస్తున్నా వారం తిరిగేసరికి మళ్ళీ మొదటికే వస్తున్నాడు, వీడికి అసలు లెక్కలు ఎక్కవేమో అని భయంగా ఉంది అని రాశారు. భయపడకండమ్మా. ఆరు నుంచి పది దాకా పిల్లలకి చాలా ఏళ్ళుగా లెక్కలు చెప్తున్నాను, ఈ రెండు ఇబ్బందులూ దాదాపు ప్రతి బ్యాచ్‌లోనూ చూస్తాను, పైగా ఇవి రెండు వేరు వేరు ఇబ్బందులు కూడా కావు, ఒకటే. పుస్తకంలో కారణాంకాలు, గుణిజాలు ఒక పాఠం, భిన్నాలు ఇంకో పాఠం, మధ్యలో వేరే పాఠాలు, దాంతో పిల్లలు వీటిని సంబంధం లేని మూడు విషయాల్లాగా బట్టీ పడతారు. ఆ సంబంధం ఎక్కడుందో వాడికి కనిపించేలా చేస్తే చాలు, మిగతాది వాడే లాక్కొస్తాడు. కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ 2/5 సంగతి. అది నిర్లక్ష్యంతో వచ్చిన తప్పు కాదు. వాడికి 1/2 అంటే గీతకి పైన ఒక అంకె, కింద ఒక అంకె, రెండు సంఖ్యలు. కూడమన్నారు కాబట్టి పైవి పైవాటితో, కిందవి కిందవాటితో కూడేశాడు. మీరు వెంటనే తప్పు అని కొట్టేసి క.సా.గు తియ్యి అంటే, వాడు ఈసారికి తీస్తాడు, వచ్చేవారం మళ్ళీ 2/5 రాస్తాడు, ఎందుకంటే 2/5 ఎందుకు కాదో వాడికి ఎవరూ చూపించలేదు. ఒక్క ప్రశ్న అడగండి: నాన్నా, 2/5 సగం కన్నా ఎక్కువా తక్కువా? ఐదులో సగం రెండున్నర, మన దగ్గర రెండే ఉన్నాయి, అంటే సగం కన్నా తక్కువ. మరి సగానికి ఇంకొంచెం కలిపితే సగం కన్నా తక్కువ ఎలా వచ్చింది? ఇక్కడ మీరు మాట్లాడకుండా ఊరుకోండి. వాడు పెన్సిల్ కింద పెట్టి ఆలోచించే ఆ అర నిమిషం ట్యూషన్‌లో చేసే బోలెడు లెక్కలకన్నా విలువైంది.

తర్వాత వాడికి బాగా తెలిసినదాంట్లోకి రండి. అర కిలో, పావు కిలో కలిపితే ఎంత అనండి. ముప్పావు కిలో అని ఆలోచించకుండా చెప్తాడు. ఎలా వచ్చింది అని అడగండి, అర అంటే రెండు పావులు కదా, ఇంకో పావు కలిపితే మూడు పావులు అంటాడు. వాడికి తెలియకుండానే విజాతి భిన్నాల (గీతకి కింద అంకెలు వేరుగా ఉన్న భిన్నాల) కూడిక మొత్తం చేసేశాడు! 1/2 ని 2/4 గా మార్చాడు, రెండూ పావులే అయ్యాక 2 + 1 = 3 అన్నాడు, కింద ఉన్న 4 ని ముట్టుకోలేదు. 4 ని ఎందుకు కూడలేదు అని అడిగితే అవి పావులు కదా అంటాడు. అదీ అసలు సంగతి. గీతకి కింద ఉన్న హారం ఏ సైజు ముక్కో చెప్తుంది, పైన ఉన్న లవం అలాంటివి ఎన్నో చెప్తుంది. ఎన్ని అనేవి కూడతాం, సైజుని కూడం. సైజులు వేరైతే ముందు ఒకే సైజుకి తెచ్చుకుంటాం.

ఇప్పుడు 1/2 + 1/3 దగ్గరికి రండి. పావుతో అర తయారైనట్టు మూడో వంతులతో అర తయారవదు, అరలతో మూడో వంతు తయారవదు. రెండిటినీ తయారు చేయగలిగే ఇంకా చిన్న ముక్క కావాలి. వస్తువుని 6 ముక్కలు చేస్తే సగం అంటే మూడు ముక్కలు, మూడో వంతు అంటే రెండు ముక్కలు, మొత్తం 5/6. ఆ 6 నే ఎందుకు పట్టుకున్నాం? రెండు సమానంగా పోయేది, మూడు కూడా సమానంగా పోయేది కాబట్టి, అంటే 2 కీ 3 కీ గుణిజం కాబట్టి. చూశారా, గుణిజాలు ఎందుకు నేర్పారో భిన్నాల దగ్గరికి వచ్చేసరికి బయటపడింది. వాడు 6 బదులు 12 తీసుకుంటే? 6/12 + 4/12 = 10/12, సూక్ష్మ రూపం చేస్తే, అంటే పైనా కిందా 2 తో భాగిస్తే, అదే 5/6. తప్పేం లేదు, అంకెలు కొంచెం పెద్దవి అంతే. క.సా.గు మన సౌకర్యం కోసం, అదే తీసుకోకపోతే లెక్క చెల్లదని ఏమీ లేదు. ఈ మాట పిల్లలకి చెప్తే వాళ్ళ మొహంలో ఎంత రిలీఫ్ కనిపిస్తుందో, క.సా.గు సరిగ్గా తీయలేమేమో అన్న భయంతోనే సగం మంది భిన్నాల లెక్క మొదలే పెట్టరు.

హారాలకి క.సా.గు తీసుకోవడం ఈమధ్య పుస్తకాల్లో పుట్టింది కూడా కాదు. 9వ శతాబ్దంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు గణితసార సంగ్రహంలో భిన్నాల కోసం ఈ పద్ధతి చెప్పాడు, దాన్ని నిరుద్ధం అన్నాడు. 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చింది ఆ గ్రంథాన్నే. మీ బాబు ఆరో క్లాసులో చేస్తున్నది దాదాపు వెయ్యేళ్ళ కిందటే తెలుగు పద్యాల్లోకి వచ్చిన లెక్కల సంప్రదాయంలోది అని చెప్పండి, పిల్లలకి ఇలాంటివి బాగా గుర్తుంటాయి.

సరే, ఇప్పుడు వెనక్కి వెళ్ళి కారణాంకాలు గట్టి చేయాలి, అదే పునాది. దీనికి పుస్తకం వద్దు, గుప్పెడు చింతగింజలు చాలు. 12 గింజలిచ్చి సమానమైన వరసల్లో పేర్చమనండి. ఒకే వరసలో 12, రెండు వరసల్లో ఆరేసి, మూడు వరసల్లో నాలుగేసి. అంటే 1, 2, 3, 4, 6, 12, అవే 12 కి కారణాంకాలు. ఇంకొక్క గింజ కలిపి 13 తో పేర్చమనండి. రెండు వరసలు పెడితే ఒకటి మిగులుతుంది, మూడు పెడితే ఒకటి, నాలుగు పెడితే ఒకటి, ఆరు పెట్టినా ఒకటే. ఐదు వరసలకి మాత్రం మూడు మిగులుతాయి. కొంతసేపటికి పిల్లాడే అంటాడు, ఆ కలిపిన గింజే ప్రతిసారీ మిగులుతోంది అని. 12 ని పోయేవి 13 ని ఎందుకు పోవో అక్కడ వాడి చేతికి తెలిసిపోయింది. ఒకే పొడుగు వరస తప్ప ఇంకోలా పేర్చలేని 13 లాంటివి ప్రధాన సంఖ్యలు, నిర్వచనం తర్వాత రాసుకోవచ్చు.

జతలుగా రాయడం ఇక్కడే అలవాటు చేయండి. 36 కి కారణాంకాలు రాయమంటే పిల్లలు 1, 2, 3, 4, 6 అని రాసుకుంటూ పోయి మధ్యలో 9 నో 18 నో వదిలేస్తారు. జతగా రాస్తే వదిలేసే ప్రమాదం లేదు: 1×36, 2×18, 3×12, 4×9, 6×6. ఆరు ఆర్లు దగ్గర రెండూ ఒకటే అయిపోయాయి, ఇక ముందుకెళ్తే 9×4, 12×3 అని అవే తిరగబడి వస్తాయి, కాబట్టి అక్కడ ఆపేయొచ్చు. ఇదే ఉపాయంతో 97 ప్రధాన సంఖ్యా కాదా అనేది గబుక్కున చెప్పొచ్చు. పది పదులు 100, అది 97 దాటిపోయింది, కాబట్టి పది లోపు ప్రధాన సంఖ్యలు 2, 3, 5, 7 పోతాయా అని చూస్తే చాలు, ఒక్కటీ పోదు, అయిపోయింది. ఇక 1 ప్రధాన సంఖ్యా అని తప్పకుండా అడుగుతాడు. కాదు. ప్రధాన సంఖ్యకి సరిగ్గా రెండు కారణాంకాలుండాలి, 1 కి ఒకటే ఉంది. దాన్ని కూడా ప్రధానం అనేస్తే 12 ని 2×2×3 అనొచ్చు, 1×2×2×3 అనొచ్చు, 1×1×2×2×3 అనొచ్చు, దానికి అంతుండదు, అందుకే పక్కన పెట్టారు.

ఏ సంఖ్యని ఏది పోతుందో చెప్పే భాజనీయతా సూత్రాలు బట్టీ పట్టిస్తారు, పర్లేదు, కానీ ఒక్కదానికైనా కారణం చూపించండి. 4572 ని 9 పోతుందా? అంకెలు కూడితే 18, పోతుంది. ఎందుకు? 4000 అంటే నాలుగు 999 లు, ఇంకో 4. 500 అంటే ఐదు 99 లు, ఇంకో 5. 70 అంటే ఏడు 9 లు, ఇంకో 7. చివర 2. ఆ 999, 99, 9 అన్నిటినీ 9 ఎలాగూ పోతుంది, మిగిలినవి 4, 5, 7, 2, వాటి మొత్తాన్ని చూస్తే సరిపోతుంది. 3 కి కూడా ఇదే కారణం. ఒక్కసారి ఇది అర్థమైన పిల్లాడు ఆ సూత్రాన్ని మర్చిపోయినా మళ్ళీ తనే కట్టుకుంటాడు.

ఇక క.సా.గు, గ.సా.భా తారుమారు. గ.సా.భా ని కొన్ని పుస్తకాల్లో గ.సా.కా (గరిష్ఠ సామాన్య కారణాంకం) అని వేస్తున్నారు, రెండూ ఒకటే, ఆ పేరు చూసి కంగారు పడొద్దు. పిల్లల ఇబ్బంది ఏంటంటే 12, 18 కి గరిష్ఠమేమో 6 వస్తుంది, కనిష్ఠమేమో 36 వస్తుంది. గరిష్ఠం చిన్నదిగా, కనిష్ఠం పెద్దదిగా ఎలా ఉంటుంది అని లోపల్లోపల తికమక పడతారు కానీ అడగరు. దీన్ని మనమే ఎత్తి చెప్పాలి. ఒక సంఖ్యకి కారణాంకాలు ఆ సంఖ్య దగ్గరికి వచ్చి ఆగిపోతాయి, 12 కి 12 ని దాటిన కారణాంకం లేదు. అన్నిటికన్నా చిన్న ఉమ్మడి కారణాంకం అడిగితే ఎప్పుడూ 1 అనే జవాబొస్తుంది, దానితో పని లేదు, కాబట్టి పెద్దది అడుగుతాం. గుణిజాలకేమో అంతు లేదు, 12, 24, 36 అని పోతూనే ఉంటాయి, పెద్దది అడిగితే జవాబే లేదు, కాబట్టి చిన్నది అడుగుతాం. ఈ నాలుగు ముక్కలు చెప్పి, 12 కింద కారణాంకాలు ఒక వరస, గుణిజాలు ఒక వరస, 18 కింద అలాగే రెండు వరసలు రాయించి ఉమ్మడివి చుట్టమనండి. మొదటి వారం ఏ షార్ట్‌కట్టూ వద్దు, ఇలా వరసలు రాయడమే.

రాత లెక్కల్లో ఏది తీయాలో తెలియట్లేదంటే ఒక ప్రశ్న నేర్పండి: లెక్కలో ఇచ్చిన సంఖ్యలకన్నా జవాబు పెద్దదిగా రావాలా, చిన్నదిగా రావాలా? ఇంట్లో పెద్దాయనకి ఒక మందు 4 గంటలకోసారి, ఇంకోటి 6 గంటలకోసారి వేస్తున్నారు, ఇప్పుడు రెండూ కలిపి వేశారు, మళ్ళీ రెండూ కలిసి ఎప్పుడు పడతాయి? కలిసే టైం 4 కన్నా 6 కన్నా ముందు రాదుగా, పెద్దదే, కాబట్టి క.సా.గు, 12 గంటలకి. గది 12 అడుగులు బై 10 అడుగులు, ముక్క కొయ్యకుండా పరిచేలా చదరపు టైల్ గరిష్ఠంగా ఎంతది పట్టుద్ది? టైల్ గది కన్నా పెద్దది ఉండదు కదా, చిన్నదే, కాబట్టి గ.సా.భా, 2 అడుగులు. షాపులో దొరికే టూ బై టూ టైల్ సరిగ్గా సరిపోతుంది. అదే గది 11 బై 10 అయితే గ.సా.భా 1, టూ బై టూ వేస్తే అంచున కోత తప్పదు. టైల్స్ మేస్త్రీ గది కొలవగానే వేస్టేజీ ఎంతో చెప్పేది ఈ లెక్క మీదే.

క.సా.గు కి నాకు చాలా ఇష్టమైన ఉదాహరణ ఒకటుంది, ఉగాది రోజు చెప్తే ఇంకా బాగుంటుంది. మన తెలుగు సంవత్సరాలకి ప్రభవ నుంచి అక్షయ దాకా 60 పేర్లు, తర్వాత మళ్ళీ ప్రభవ. గురుడు ఆకాశంలో ఒక చుట్టు తిరగడానికి సుమారు 12 ఏళ్ళు, శనికి సుమారు 30 ఏళ్ళు. 12, 30 కి క.సా.గు 60. అంటే 60 ఏళ్ళలో గురుడు ఐదు చుట్లు, శని రెండు చుట్లు పూర్తి చేసుకుని ఇద్దరూ దాదాపు మొదలుపెట్టిన చోటికి వస్తారు. తాతయ్యకి షష్టిపూర్తి ఎందుకు 60 కే చేశారు అని మీ బాబు ఎప్పుడైనా అడిగితే ఈ క.సా.గు చెప్పండి.

వరసలు రాయడం బాగా వచ్చాక ప్రధాన కారణాంకాలకి వెళ్ళండి. 12 = 2×2×3, 18 = 2×3×3. రెండిట్లోనూ ఉన్నవి ఒక 2, ఒక 3, అది గ.సా.భా, 6. రెండూ ఇమిడేలా కావాలంటే రెండు 2 లు, రెండు 3 లు, అది క.సా.గు, 36. స్కూల్లో పక్కన గీత గీసి కిందకి భాగించుకుంటూ వెళ్ళే పద్ధతి కూడా ఇదే పని చేస్తుంది, కాకపోతే అందులో ఏం జరుగుతుందో కనిపించదు, అందుకే అది చివర్లో నేర్పాలి అంటాను. రెండు సంఖ్యల లబ్ధం, వాటి క.సా.గు, గ.సా.భాల లబ్ధం సమానం, 12×18 = 216, 6×36 = 216. పిల్లలు దీన్ని పట్టుకుని మూడు సంఖ్యలకి కూడా వాడేస్తారు, అది పని చేయదు. 2, 4, 6 తీసుకోండి, గ.సా.భా 2, క.సా.గు 12, లబ్ధం 24, కానీ 2×4×6 = 48. ఈ పొరపాటు పదో క్లాసు పిల్లలు కూడా చేయడం చూస్తుంటాను.

గ.సా.భా కి భాగహార పద్ధతి అని ఇంకోటి ఉంటుంది, పెద్ద సంఖ్యని చిన్నదానితో భాగించి, శేషంతో మళ్ళీ చిన్నదాన్ని భాగించి అలా వెళ్ళేది. పిల్లలకి ఇది మంత్రంలా అనిపిస్తుంది. గ్రాఫ్ పేపర్ మీద 16 గళ్ళ పొడవు, 6 గళ్ళ వెడల్పు ముక్క కత్తిరించి ఇవ్వండి, దాంట్లోంచి వీలైనంత పెద్ద చదరాలు కత్తిరించుకుంటూ పొమ్మనండి. ముందు 6×6 వి రెండు వస్తాయి, 4×6 ముక్క మిగులుతుంది. దాంట్లోంచి 4×4 ది ఒకటి, 4×2 మిగులుతుంది. దాంట్లోంచి 2×2 వి రెండు, ఇంకేం మిగల్లేదు. ఆఖరి చదరం భుజం 2, అదే 16, 6 ల గ.సా.భా. ఇప్పుడు అదే భాగహారంగా రాయించండి, 16 ని 6 తో భాగిస్తే శేషం 4, 6 ని 4 తో భాగిస్తే శేషం 2, 4 ని 2 తో భాగిస్తే శేషం సున్నా. కత్తెరతో చేసిన ప్రతి అడుగూ అక్కడ కనిపిస్తుంది. ఇది గ్రీకు గణితవేత్త యూక్లిడ్ రాసిన పద్ధతి, సుమారు 2300 ఏళ్ళ కిందటిది, ఆర్యభటుడు 499 లో చెప్పిన కుట్టకం అనే పద్ధతి కూడా ఇలా శేషాలతో భాగించుకుంటూ పోయే దారిలోనే నడుస్తుంది.

ఇక భిన్నాల్లో రెండో పెద్ద ప్రమాదం కొట్టివేతలు. పైన కింద ఒకే అంకె కనపడితే చాలు పిల్లలు గీత కొట్టేస్తారు. 16/64 లో పైన 6, కింద 6 కొట్టేస్తే 1/4 వస్తుంది, విచిత్రంగా జవాబు కరెక్టే! 26/65 లో 6 లు కొట్టేస్తే 2/5, అదీ కరెక్టే. 19/95 లో 9 లు కొట్టేస్తే 1/5, అదీ కరెక్టే. జవాబు మాత్రమే చూసి టిక్ పెట్టే చోట ఇలాంటి పిల్లాడు దొరకడు. వెంటనే 13/34 ఇచ్చి చూడండి, 3 లు కొట్టేసి 1/4 అంటాడు, కానీ నాలుగు పదమూళ్ళు 52 కదా, 34 కాదు. కొట్టేసేది అంకెని కాదు, ఉమ్మడి కారణాంకాన్ని. 16/64 లో నిజంగా జరిగేది పైన 16×1, కింద 16×4, ఆ 16 పోయింది. ఇది ఇప్పుడు సరిచేయకపోతే పై క్లాసుల్లో బీజగణితం వచ్చాక పైన 2 + ఎక్స్, కింద 2 + వై ఉంటే 2 లు కొట్టేస్తాడు. గుణకారంగా ఉన్నదాన్నే కొట్టాలి, కూడికలో ఉన్నదాన్ని ముట్టుకోకూడదు, ఇది నోటికి వచ్చేదాకా చెప్పించండి.

పోల్చడం, గుణకారం అంత కష్టం కాదు, తొందరగానే వచ్చేస్తాయి, రెండు మాటల్లో చెప్పేస్తా. 3/7, 4/9 లో ఏది పెద్దది అంటే రెండిటినీ 63 వ వంతులు చేస్తే 27/63, 28/63, కాబట్టి 4/9 పెద్దది. గుణకారం అంటే అందులో అంత వంతు, 3/4 లో 2/3 అంటే మూడు పావుల్లో రెండు పావులు, అంటే సగం. భాగహారం దగ్గర మాత్రం ఆగండి. తిరగేసి గుణించు అని అందరూ చెప్తారు, ఎందుకు తిరగేయాలో ఎవరూ చెప్పరు. 3/4 ÷ 2/3 తీసుకోండి. ఒకే సైజుకి తెస్తే 9/12, 8/12. ఇప్పుడు ప్రశ్న ఏంటి, 9 ముక్కల్లో 8 ముక్కలు ఎన్నిసార్లు అని, అంతేగా, ముక్క సైజు ఒకటే కాబట్టి ఇక దానితో పని లేదు, 9/8. ఆ 9 ఎక్కడ నుంచి వచ్చింది? 3×3. 8 ఎక్కడ నుంచి? 4×2. తిరగేసి గుణించినా ఇవే వస్తాయి, 3/4 × 3/2 = 9/8. మళ్ళీ ఇక్కడ కూడా ఉమ్మడి గుణిజమే కాపాడింది చూడండి.

మీవాడికి కొంచెం ఉత్సాహం వచ్చాక ఒకటి చూపించండి, నాకు ఈ సబ్జెక్ట్ మీద ప్రేమ పుట్టించేది ఇదే. ఒక సంఖ్యని ఎంతమందికి సమానంగా పంచొచ్చు అనేది దాని కారణాంకాల్లో ముందే రాసి ఉంటుంది. 1957 ఏప్రిల్ 1 కి ముందు మన రూపాయికి 16 అణాలు, అణాకి 12 పైలు, మొత్తం 192 పైలు. రూపాయిని సగం చేస్తే 8 అణాలు, మళ్ళీ సగం నాలుగు అణాలు, అదే పావలా, మళ్ళీ సగం రెండణాలు, అదే బేడ, మళ్ళీ సగం అణా, ఎక్కడా విరగదు. ముగ్గురికి పంచాలంటే 16 ని 3 పోదు, కానీ అణాలో 12 ఉంది కాబట్టి తలా 5 అణాల 4 పైలు, లెక్క తెగిపోతుంది. ఇప్పటి 100 పైసల్ని ముగ్గురికి పంచితే తలా 33 పైసలు, ఒక పైసా మిగులుతుంది, ఎందుకంటే 100 = 2×2×5×5, అందులో 3 లేనే లేదు. మన పాత తెలుగు లిపిలో భిన్నాలకి విడిగా గుర్తులే ఉండేవి, నాలుగో వంతులకి నిలువు గీతలు, పదహారో వంతులకి అడ్డ గీతలు, అవి ఇప్పుడు యూనికోడ్‌లో కూడా ఉన్నాయి, ఇంట్లో పాత కాగితాలుంటే వెతికి చూపించండి.

భూమి లెక్క ఇంకా బాగుంటుంది. ఎకరం 4840 చదరపు గజాలు. ఆంధ్రా వైపు 100 సెంట్లు, తెలంగాణ వైపు 40 గుంటలు, గుంటకి 121 గజాలు. 4840 ని ప్రధాన కారణాంకాలుగా విడగొట్టమనండి, 2×2×2×5×11×11. ఎందులోనూ 3 లేదు. అందుకే ఎకరాన్ని ముగ్గురు అన్నదమ్ములు పంచుకుంటే సెంట్లలో 33 1/3, గుంటల్లో 13 1/3, గజాల్లో 1613 1/3, ఏ కొలతలో రాసినా ఆ మూడో వంతు వెంటపడి వస్తుంది. ఎనిమిది మందికి పంచితే గుంటల్లో సరిగ్గా 5, సెంట్లలో 12 1/2. ఎందుకు తేడా అంటే 40 లో మూడు 2 లున్నాయి, 100 లో రెండే ఉన్నాయి. పిల్లాడు ఇది స్వయంగా కనిపెడితే ఆ సాయంత్రం ఇంట్లో అందరికీ చెప్పుకుని తిరుగుతాడు.

ఇదే దశాంశాల్లోకి దారి. 1/8 = 0.125, ఆగిపోతుంది. 1/6 = 0.1666 అని పోతూనే ఉంటుంది. హారాన్ని సూక్ష్మ రూపంలో విడగొడితే 2 లు, 5 లు మాత్రమే ఉంటే దశాంశం ఆగుతుంది, 3 గానీ 7 గానీ ఇంకేదైనా ప్రధాన సంఖ్య దూరితే ఆగదు, ఎందుకంటే మనం పదులతో లెక్కపెడతాం, పదిలో ఉన్నవి 2, 5 మాత్రమే. పై క్లాసుల్లో దీన్నే సిద్ధాంతంగా చదువుతారు, ఆరో క్లాసు పిల్లాడికి ఎకరం లెక్క చేశాక ఇది పెద్ద కష్టమనిపించదు.

చివరగా మీరు రాసిన ట్యూషన్ సంగతి. మాన్పించమని అనను, కానీ లెక్కల సంఖ్య తగ్గించమని అడగండి. రోజుకి ఐదో ఆరో చాలు, ప్రతి లెక్కకి ముందు జవాబు సుమారుగా ఎంత రావాలో వాడు నోటితో చెప్పాలి, సగం కన్నా ఎక్కువా తక్కువా, ఒకటి దాటుతుందా దాటదా, ఆ తర్వాతే పెన్సిల్ పట్టాలి. ఇంకోటి, ఎక్కాలు చూడండి. 12 ఎక్కం దాకా తడుముకోకుండా రాకపోతే 84 ని చూడగానే 7×12 కనిపించదు, అది కనిపించకపోతే కారణాంకాలు తీయడానికే టైం అంతా పోతుంది, పిల్లాడేమో తనకి భిన్నాలు రావనుకుంటాడు. ఎక్కాలు గట్టిగా ఉంటే పైన రాసినవన్నీ నెల రోజుల్లో తీరిగ్గా అయిపోతాయి, లేకపోతే ముందు వాటి మీదే కూర్చోండి, పాఠం ఆలస్యమైనా పర్వాలేదు. మధ్యలో ఎక్కడైనా ఆగిపోతే వాడు చేసిన లెక్కని ఉన్నదున్నట్టు ఫోటో తీసి ఇక్కడే కింద పెట్టండి, రబ్బరుతో చెరపనివ్వకండి, కొట్టివేతలతో సహా వాడి చేత్తో రాసిందే కావాలి, ఎక్కడ దారి తప్పాడో అందులోంచే చెప్తాను.